ఆరున్నర వేల పెట్రోల్ రంపం చీనీ తోటకు పనికొస్తుందా?

తమ్ముడూ, నువ్వడిగింది ఇది. పులివెందుల దగ్గర ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట. కాయ కోత అయ్యాక ఏటా ఎండుకొమ్మలు తీయాలి. గట్ల మీద సర్కారు తుమ్మ ముదిరిపోయింది. బావి దగ్గర రెండు వేపచెట్లు నిలువునా ఎండిపోయాయి. ఆన్‌లైన్‌లో 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైను తిరిగే పొడుగు ఇనుప పట్టీ) ఉన్న పెట్రోల్ రంపం ఆరున్నర వేలకు వస్తోంది, పేరున్న కంపెనీదైతే దానికి మూడింతలు పెట్టాలి. "అన్నా, తక్కువ రేటుది కొంటే డబ్బు దండగేనా?" అన్నావు.

దండగ కాదు. ఏడాదిలో పది పదిహేను రోజులు సొంత చేలో వాడుకునే రైతుకు ఆ తరగతి మిషన్ చాలు. కానీ మూడు షరతులున్నాయి. చైన్ బ్రేకు నిజంగా పనిచేయాలి. విడి సామాన్లు నీకు దగ్గర్లో దొరకాలి. ఆరున్నర వేలతో ఖర్చు అయిపోయిందనుకోకుండా మంచి చైను, ఆకురాయి, ఆయిలు, కళ్లద్దాలు, బూట్ల కోసం ఇంకో రెండున్నర మూడు వేలు పక్కన పెట్టుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా కొనొద్దు. రోజూ కూలికి చెట్లు కోసే పని పెట్టుకుంటే మాత్రం దాని జోలికే పోవద్దు. ఇంకో మాట: నీకు కావాల్సింది 22 అంగుళాలది కాదు. అది ఎందుకో కింద చెప్తాను.

నేను అనంతపురంలో స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు, రంపం మిషన్లు బాగు చేస్తాను. పిలిస్తే తోటలకు పోయి కోత పనీ చేస్తాను. అన్ని రేట్ల మిషన్లూ నా బల్ల మీదికి వస్తుంటాయి కాబట్టి ఏది ఎక్కడ చెడుతుందో చూసి రాస్తున్నాను.

స్టిక్కర్ మీద సీసీ చూసి కొనొద్దు. 58, 62, 68 అని పెద్ద అంకెలు వేస్తారు. మిషన్‌తో వచ్చే చిన్న పుస్తకంలో బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఇచ్చి ఉంటే నువ్వే లెక్క కట్టొచ్చు. బోరును బోరుతో గుణించు, వచ్చినదాన్ని 0.785తో, ఆ తర్వాత స్ట్రోకుతో గుణించి, వెయ్యితో భాగించు. బోరు 45.2 మిల్లీమీటర్లు, స్ట్రోకు 34 అయితే 54.5 సీసీ వస్తుంది, పెట్టె మీద ఏ అంకె ఉన్నా సరే. ఆ 54 కూడా నీకు ఎక్కువే. పేరున్న స్టిల్ ఎంఎస్ 180 ఇంజన్ 31.8 సీసీనే. తోట పనికి అది చక్కగా సరిపోతోంది, బార్ లేకుండా బరువు నాలుగు కిలోలకు అటూ ఇటూ. నువ్వు చూసిన లాంటి చౌక చైనా మిషన్ పెట్రోలు, ఆయిలు, బారుతో కలిపి ఏడు కిలోలు దాటుతుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టుకుంటే ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

ఈ తక్కువ రేటు మిషన్లకు ఒక పెద్ద గుణం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 45, 52, 58 సీసీ అని వేరే వేరే పేర్లతో అమ్మేవన్నీ దాదాపు ఒకే కుటుంబం. జపాన్‌కు చెందిన జెనోవా కంపెనీ పాత డిజైన్‌కు నకళ్లు. అందుకే ఒకదాని కార్బురేటర్, కాయిల్, స్టార్టర్, క్లచ్ చాలావరకు ఇంకోదానికి సరిపోతాయి, అవి కూడా తక్కువ రేటుకే దొరుకుతాయి. మిషన్ కొనకముందే నువ్వు చేయాల్సిన మొదటి పని ఇది: పులివెందులలోనో కడపలోనో స్ప్రేయర్ సామాన్లు అమ్మే షాపుకు పోయి "58 సీసీ రంపానికి కార్బురేటర్, స్టార్టర్, ఆయిల్ పంపు ఉన్నాయా, రేటెంత?" అని అడుగు. చేతిలో పెట్టి చూపిస్తే ధైర్యంగా కొను. "తెప్పిస్తాంలే" అంటే ఆలోచించు. వింత ఆకారంలో, వేరే ఏ మిషన్‌కూ పోలిక లేకుండా ఉన్న మోడల్ ఎంత చౌకగా వచ్చినా వద్దు. దానికి ఒక్క స్ప్రింగు పోయినా మిషన్ మూల పడుతుంది.

ఇక లోపాల సంగతి. ఇంజన్ అనుకున్నంత చెడ్డది కాదు. తయారుచేసేవాళ్లు డబ్బు మిగుల్చుకునేది దాని చుట్టూ ఉన్న వాటిలో. పెట్టెలో వచ్చే చైను మెత్తని ఇనుము, రెండు ట్యాంకుల పెట్రోలు అయ్యేసరికి పళ్లు మొండి పడతాయి. బార్ అంచులు తొందరగా అరిగి వెడల్పవుతాయి, అప్పుడు చైను పక్కకు వాలి కోత వంకర పోతుంది. ఆయిల్ పంపును తిప్పే గేరు చాలా వాటిలో ప్లాస్టిక్‌ది. అది అరిగితే బార్‌కు ఆయిలు రాదు, రాకపోయినా మిషన్ నడుస్తూనే ఉంటుంది, తెలిసేలోపు బార్ నీలిరంగుకు తిరిగి పాడైపోతుంది. నట్లు, స్క్రూలు అదురుకు వదులవుతాయి. మొదటి ట్యాంకు అయ్యాక సైలెన్సర్ బోల్టులతో సహా అన్నీ ఒకసారి బిగించుకో.

ఒక మాట గట్టిగా చెప్తాను. మంచి చైను వేసిన చౌక మిషన్, మొండి చైను వేసిన ఖరీదు మిషన్‌ కంటే బాగా కోస్తుంది. కదిరి వైపు అన్నదమ్ములిద్దరు ఇలాంటి చైనా మిషన్‌తోనే ఏళ్లుగా చింతకొమ్మలు కోస్తున్నారు. చింతకొయ్య ఎంత గట్టిదో నీకు తెలుసు. వాళ్లు చేసేదల్లా ప్రతి ట్యాంకు పెట్రోలుకు ఒకసారి మిషన్ ఆపి ఆకురాయి పట్టడం. పొట్టు చూస్తేనే తెలుస్తుంది: చిన్న చిన్న చెక్కల్లా రాలుతుంటే చైను పదునుగా ఉన్నట్టు, పిండిలా వస్తుంటే మొండి పడినట్టు. పిండి వస్తున్నా బలంగా నొక్కి కోస్తే క్లచ్ కాలుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది.

చైను కొనేటప్పుడు షాపతనికి మూడు అంకెలు చెప్పాలి: పిచ్ (లింకుల మధ్య దూరం), గేజ్ (బార్ గాడిలో దిగే లింకు మందం), డ్రైవ్ లింకులు (గాడిలో దిగే లింకుల లెక్క). ఈ మిషన్లకు ఎక్కువగా పిచ్ 0.325 అంగుళాలు, గేజ్ 0.058 అంగుళాలు ఉంటాయి. 18 అంగుళాల బార్‌కు 72 లింకులు, 20కి 76, 22కి 86 సాధారణం. అయినా బార్ మీద చెక్కిన అంకె చూసుకునే కొను. 0.325 పిచ్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. చాలామంది దొరికిన ఆకురాయితో రుద్ది పన్ను ఆకారమే చెడగొడతారు. పన్ను మీద 30 డిగ్రీల గీత ఉంటుంది, దాన్ని పట్టుకుని లోపలి నుంచి బయటికి ఒకే వైపు తోయాలి, ప్రతి పన్నుకూ అన్నే తోపులు. పన్ను ముందుండే చిన్న మొట్టను కూడా నాలుగైదు పదునుల తర్వాత చదును ఆకురాయితో కొంచెం తగ్గించాలి. పన్ను అంచు కంటే అది 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటే చాలు. ఎక్కువ తగ్గిస్తే రంపం కొయ్యను పట్టి గుంజుతుంది, ప్రమాదం.

ఇప్పుడు 22 అంగుళాలు ఎందుకు వద్దన్నానో చెప్తాను. పెట్రోల్ రంపంతో జరిగే ప్రమాదాల్లో భయంకరమైనది బార్ ముక్కు పైభాగం దేనికైనా తగలడం. తగిలిన క్షణంలో రంపం మొత్తం మన మొహం మీదికి లేస్తుంది. మనిషి ఆలోచించే లోపలే అయిపోతుంది. చీనీ చెట్టు లోపల ఎంత గుబురుగా ఉంటుందో నీకు నేను చెప్పాలా. ఒక కొమ్మ కోస్తుంటే బార్ కొస వెనకనున్న ఇంకో కొమ్మ నీ కంటికి కనపడదు. బార్ ఎంత పొడుగైతే ఆ ముక్కు అంత దూరం, అంత చీకట్లో. పైగా 54 సీసీ ఇంజన్ 22 అంగుళాల చైనును ఈడ్వడానికే సగం బలం పెడుతుంది. 16 లేదా 18 అంగుళాల బార్ తీసుకో. ఆన్‌లైన్‌లో 22 ఒక్కటే వస్తుంటే దాన్ని పక్కన పెట్టి, 18 బార్, చైను విడిగా వేయించుకో. మందం ఎక్కువున్న మొద్దును రెండు వైపుల నుంచి కోసుకోవచ్చు.

ఆ ముక్కు తగిలినప్పుడు మనిషిని కాపాడేది చైన్ బ్రేకు ఒక్కటే. పైపిడి ముందు ఉండే అడ్డు రేకులాంటి పిడి అది. ధర్మవరం వైపు ఒక రైతు స్టార్ట్ కావడం లేదని కొత్త మిషన్ తెచ్చాడు. కార్బురేటర్ సరిచేసి, అలవాటు కొద్దీ బ్రేకు చూశాను. పిడి ముందుకు వంగుతోంది, చైను మాత్రం ఆగడం లేదు. విప్పి చూస్తే లోపల స్ప్రింగే వేయలేదు. ఆయన అప్పటికే దాంతో సగం గట్టు కోసేశాడు. అందుకే అంటున్నాను, బయటి రూపం చూసి బ్రేకు ఉందనుకోవద్దు.

షాపులో కొంటే అక్కడే, ఆన్‌లైన్‌లో కొంటే వచ్చిన రోజే ఇవి చూడు. స్విచ్ ఆపి స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషన్‌ను వేలాడదీయి. కంప్రెషన్ (ఇంజన్ లోపలి ఒత్తిడి) బాగుంటే మెట్టు మెట్టు దిగినట్టు ఆగి ఆగి దిగుతుంది, జర్రున జారితే వద్దు. బ్రేకు వదిలి, ఇంజన్ ఆపే ఉంచి, వెనక పిడి ఒక్కదాన్నే పట్టుకుని బార్ ముక్కును ఒక మొద్దు మీదికి జానెడున్నర ఎత్తు నుంచి పడనివ్వు, ఆ కుదుపుకే బ్రేకు టక్కున పడాలి. తర్వాత స్టార్ట్ చేసి, వేగం పెంచి, ఎడమ మణికట్టుతో పిడిని ముందుకు నెట్టు, చైను ఆ క్షణమే ఆగాలి. యాక్సిలేటర్ వదిలితే చైను అసలు తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ (యాక్సిలేటర్ వదిలినప్పటి వేగం సరిచేసేది) కొద్దిగా తగ్గించు, అయినా తిరిగితే క్లచ్ లోపం. బార్ ముక్కును అట్టముక్కకు దగ్గరగా, తగలకుండా పట్టి వేగం పెంచితే అట్ట మీద ఆయిలు గీత పడాలి. పది నిమిషాలు నడిపి ఆపి, వేడి మీద మళ్లీ లాగు. రెండు మూడు లాగుళ్లకు అందుకోకపోతే కార్బురేటర్ సరిగా లేదు. పెట్రోలు పోశాక వాపసు తీసుకోం అనే అమ్మకందార్లు ఆన్‌లైన్‌లో ఉన్నారు, ఆ షరతు డబ్బు కట్టకముందే చదువుకో. నన్నడిగితే మూడు నాలుగు వందలు ఎక్కువైనా ఊరి షాపులోనే కొనమంటాను, ఎదురుగా స్టార్ట్ చేసి చూపిస్తారు.

మా షాపుకు చచ్చి వచ్చే కొత్త మిషన్లలో ఎక్కువ భాగం ఒకే కారణంతో వస్తాయి: ఆయిల్ కలపని పెట్రోలు. బైకులో పోసినట్టు వట్టి పెట్రోలు పోస్తారు, లేదా చైన్ ఆయిల్ పోశాం కదా అదే చాలనుకుంటారు. ఇవి రెండూ వేరు. చైన్ ఆయిల్ దాని ట్యాంకులో, టూ స్ట్రోక్ ఆయిల్ పెట్రోల్లో కలిపి. 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25 మిల్లీలీటర్లు. పుస్తకంలో ఏది రాసుంటే అది. నేనైతే మొదటి మూడు నాలుగు ట్యాంకులు 25:1 పోయమంటాను, ఆ కొత్తలో ఖాళీగా వేగం పెంచి అరిపించొద్దంటాను. సీసా మూతతో అందాజాగా పోయకుండా కొలత సీసా ఒకటి కొనుక్కో. మెకానిక్ షెడ్డులో పారబోసే నల్ల ఆయిల్ చైనుకు వాడొద్దు. అందులో ఇనుప రజను ఉంటుంది, ఈ మిషన్ల చిన్న పంపు తట్టుకోదు, పైగా అదంతా నీ చీనీ పాదుల్లోనే పడుతుంది. బార్ ఆయిల్ దొరక్కపోతే కొత్త ఇంజన్ ఆయిల్ పోసుకో.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది నీళ్లను పీల్చుకుంటుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బురేటర్ లోపలి పల్చటి పొరను, గొట్టాలను గట్టిపడేలా చేస్తుంది. నీలాగా ఏడాదికి కొన్ని రోజులే వాడేవాళ్లకు ఇదే పెద్ద సమస్య. పని అయిపోయాక ట్యాంకు వంచేసి, మిగిలింది అయిపోయి దానంతట అది ఆగేదాకా నడిపి, అప్పుడు గూట్లో పెట్టు. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడొద్దు.

మన వైపు దుమ్ము సంగతి కూడా ఉంది. ఎండాకాలం గాలికి లేచే మట్టి, గట్ల మీద గరుసు. చౌక మిషన్ల గాలి ఫిల్టర్ జల్లెడ లాంటిది, సన్నటి దుమ్మును ఆపదు. రోజూ పని అయ్యాక తీసి శుభ్రం చేయి, అంచుల దగ్గర సందు లేకుండా కూర్చుందో లేదో చూడు. సర్కారు తుమ్మ మొదళ్లకు మట్టి అంటుకుని ఉంటుంది. ఆ మట్టిలో ఒక్క కోత కోస్తే పదునంతా పోతుంది. మొదట మచ్చుకత్తితో బెరడు మీది మట్టి గీకేసి, నేలకు జానెడు పైన కోయి. ఇంకొకటి, సర్కారు తుమ్మ రంపానికి చావదు. మొదలు నుంచి గుంపుగా చిగురేస్తుంది. గట్టు పూర్తిగా శుభ్రం కావాలంటే కోసిన తర్వాత మొదలు, దాని కింది గడ్డ తవ్వి తీయాల్సిందే.

బొగ్గు బట్టీలకు తుమ్మ కొట్టే ఒక మేస్త్రీ ఇలాంటి చౌక మిషన్లే వరుసగా కొన్నాడు. రోజంతా నడవడంతో క్లచ్, పంపు గేరు, అదురు తగ్గించే రబ్బర్లు ఒకదాని వెనక ఒకటి పోయాయి. సామాన్లు చౌకే, పని ఆగిన రోజుల కూలి మాత్రం చౌక కాదు. చివరికి కంపెనీ మిషన్‌కు మారాడు, అది సరైన లెక్క. నీ పని అలాంటిది కాదు.

నిజం చెప్పాలంటే నీ తోట లోపలి పనికి పెట్రోల్ రంపం కూడా అక్కర్లేదు. చీనీ ఎండుకొమ్మల్లో ఎక్కువ భాగం మణికట్టు మందమే ఉంటాయి. దానికి మంచి వంపు చేతిరంపం చాలు, లేదా 6 అంగుళాల బ్యాటరీ రంపం. ఆ బ్యాటరీల మీద 48 వోల్టులు, 88 వోల్టులు అని వేస్తారు, నమ్మొద్దు. లోపల ఐదు సెల్లులుంటే 18.5 వోల్టులే, నిండా ఎక్కితే 21. 1500 ఎంఏహెచ్ సెల్లులైతే మొత్తం 28 వాట్ అవర్లు. 500 వాట్లు లాగే కోతకు అది మూడు నిమిషాల చిల్లర. ఒక్కో కొమ్మకు కొన్ని సెకన్లే కాబట్టి పనికొస్తుంది, కానీ రెండు బ్యాటరీలున్నదే తీసుకో. కరెంటు తీగతో నడిచే రంపం చేనుకు వద్దు. మోటారు దగ్గర నుంచి వంద మీటర్లు తీగ లాగితే వోల్టేజీ పడిపోయి రంపంలోని మోటారు కాలుతుంది.

కొమ్మ తీసిన చోట బోర్డో పేస్టు పూయడం మరిచిపోవద్దు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. బంక తెగులున్న చెట్టు కోశాక ఆ రంపంతో నేరుగా మంచి చెట్టు దగ్గరికి పోవద్దు, చైను శుభ్రంగా కడిగి తుడువు.

ఆ రెండు ఎండు వేపచెట్లు మాత్రం నువ్వు కోయొద్దని నా సలహా. మొదటి మిషన్‌తో మొదటి పని నిలువునా ఎండిన చెట్టు కాకూడదు. ఇంజన్ అదురుకే పైనున్న ఎండుకొమ్మలు విరిగి పడతాయి. చెదలు పట్టి లోపల డొల్లయితే అనుకున్న వైపు పడదు. నీకేమో పక్కనే బావి, మోటారు, కరెంటు తీగలు. తాళ్లు కట్టి పడగొట్టే అనుభవమున్న మనిషిని మిషన్‌తో సహా పిలిపించి పడగొట్టించు. పడిన తర్వాత ముక్కలు నువ్వే కోసుకో, చేయి తిరగడానికి అదే మంచి పని. తర్వాత ఎప్పుడైనా చిన్న పచ్చి చెట్టు పడగొట్టాల్సి వస్తే, పడాల్సిన వైపు మందంలో నాలుగో వంతు గాటు పెట్టి, వెనక నుంచి కోస్తూ మధ్యలో పదో వంతు కొయ్యను తెంపకుండా వదలాలి. ఆ వదిలిన కొయ్యే చెట్టును నడిపిస్తుంది. నిచ్చెన మీద గానీ, చెట్టెక్కి గానీ, భుజం కంటే ఎత్తులో గానీ పెట్రోల్ రంపం వాడొద్దు. లుంగీ, చెప్పులు వద్దు. కళ్లద్దాలు, చెవులకు రక్షణ, గట్టి బూట్లు, బిగుతు ప్యాంటు ఉండాలి. చేలో ఒంటరిగా ఉన్నప్పుడు అసలు స్టార్ట్ చేయొద్దు.

పాత కంపెనీ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో వస్తే అనీ అడిగావు. మంచి ఆలోచనే, కాకపోతే సైలెన్సర్ విప్పించి ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూడు. నున్నగా ఉంటే తీసుకో, నిలువు గీతలు పడి ఉంటే ఎంత తగ్గించినా వద్దు. పేరున్న కంపెనీల స్టిక్కర్లతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి. ఆ కంపెనీ డీలర్ దగ్గర సీరియల్ నంబర్ చెప్పి అడిగితే తేలిపోతుంది.

ఆఖరుగా కాగితాల సంగతి. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సొంత పొలంలో చెట్టైనా కొట్టాలంటే అనుమతి విషయం చూసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. నీ వేపచెట్ల గురించి ముందే ఫారెస్టు ఆఫీసులో అడుగు, కట్టె బండికెత్తే ముందైనా అడిగి తీరాలి. కడప జిల్లాలో పాలకొండలు, శేషాచలం అంచున ఎర్రచందనం ఉంది కాబట్టి రంపం మిషన్ కనిపిస్తే ఆపి అడుగుతారు, అడగడం న్యాయమే. బిల్లు నీ పేరు మీద, మిషన్ నంబర్‌తో రాయించుకుని ఫోటో తీసి ఫోన్లో ఉంచుకో. తెలియని వాళ్లకు ఒక్క పూటకైనా మిషన్ అరువివ్వొద్దు.